కళ్లన్నీ కింద మంట మీదే.. తల మీద వేలాడే ఇనుము సంగతేంటి? రిగ్గుల తనిఖీల్లో లెక్క ఎక్కడ తప్పుతోంది?

కోనసీమలో ఏ ఊరి పొలిమేరలో కొత్తగా రిగ్గు లేచినా జనం నోట ముందు వచ్చే మాట.. పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగింది. ఎగసిన మంట 65 రోజుల పాటు ఆరలేదు. విదేశీ నిపుణులను రప్పిస్తే మార్చిలో గానీ అదుపులోకి రాలేదు. ఆ తర్వాత 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. అందుకే ఇక్కడ రిగ్గు అంటే భయం, గ్యాస్ అంటే భయం, మంట అంటే భయం. ఆ భయంలో తప్పేమీ లేదు.

కానీ ఒక్క విషయం గమనించారా? రిగ్గు గురించి మనం అడిగే ప్రశ్నలన్నీ నేల కింది సంగతులే. గ్యాస్ తన్నుకొస్తే ఆపే పరికరం పనిచేస్తుందా? మడ్ బరువు సరిపోయిందా? సైరన్ మోగుతుందా? రిగ్గు ఫ్లోర్ మీద షిఫ్టు చేసే కార్మికుడికి మాత్రం ప్రమాదం రోజూ పొంచి ఉండేది కింద కాదు, నెత్తి మీద. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెప్పే లెక్క ప్రకారం చమురు, గ్యాస్ వెలికితీత పనుల్లో సైట్ మీద జరిగే ప్రతి ఐదు మరణాల్లో మూడు.. ఏదైనా వచ్చి తగలడం వల్లో, యంత్రాల మధ్య ఇరుక్కోవడం వల్లో జరుగుతున్నవే. మంటల వార్త దేశమంతా తెలుస్తుంది. పై నుంచి పడ్డ పిన్ను వల్ల పోయిన ప్రాణం మాత్రం చాలాసార్లు జిల్లా పేజీ కూడా దాటదు.

ఇంతకీ మాస్ట్ మీద తనిఖీలు జరగడం లేదా? జరుగుతున్నాయి. సర్టిఫికెట్లూ ఉంటున్నాయి. అసలు చిక్కు ఆ తనిఖీని దేనితో లెక్కగడుతున్నారన్న దగ్గర, దాని కోసం రిగ్గు ఆగితే నష్టం ఎవరి ఖాతాలో పడుతుందన్న దగ్గర ఉంది.

100 గ్రాముల బోల్టు చాలు!

నేల మీద పనిచేసే పెద్ద రిగ్గు మాస్ట్ ఎత్తు 40 మీటర్ల దాకా ఉంటుంది. పక్కన కొబ్బరి తోట ఉంటే చెట్ల తలలకు దాదాపు రెట్టింపు ఎత్తులో కనిపిస్తుంది. అంత ఎత్తు నుంచి ఏదైనా జారితే కింద పడటానికి మూడు సెకన్లు కూడా పట్టదు. నేలను తాకేసరికి దాని వేగం గంటకు 100 కిలోమీటర్లు. పైకి చూసి, అరిచి, పక్కకు తప్పుకునేలోపే అంతా అయిపోతుంది.

పై నుంచి వస్తువులు పడే ప్రమాదాలను ఆపడానికి ఆయిల్ కంపెనీలు కలిసి పెట్టుకున్న డ్రాప్స్ అనే వేదిక ఉంది. దాని లెక్కలో 40 జౌల్స్ శక్తితో తగిలిన దెబ్బను గాయంగా రికార్డు చేయాల్సిందే. 40 జౌల్స్ అంటే ఎంత? 40 మీటర్ల ఎత్తు నుంచి పడే 100 గ్రాముల బోల్టు, అంతే. అదే ఎత్తు నుంచి అరకిలో స్పానర్ జారితే దాదాపు 200 జౌల్స్. హెల్మెట్ ఉంది కదా అనుకుంటే పొరపాటే. హెల్మెట్ చిన్నాచితకా దెబ్బల కోసం తయారైంది. క్రౌన్ దగ్గర నుంచి ఊడిన ఇనుప ముక్కను ఆపే శక్తి దానికి లేదు.

మరి ఊడిపోయేంతగా పైన ఏముంటాయి? చాలానే ఉంటాయి. అన్నిటికంటే పైన పెద్ద పెద్ద పుల్లీలతో క్రౌన్ బ్లాక్. దాని కింద పైకీ కిందకీ తిరిగే ట్రావెలింగ్ బ్లాక్, దానికి హుక్కు, లింకులు, పైపును పట్టుకునే ఎలివేటర్. కొత్త రిగ్గుల్లో అయితే పైపును తిప్పే టాప్ డ్రైవ్ కూడా అక్కడే వేలాడుతుంది. సుమారు 25 మీటర్ల ఎత్తులో టాప్‌మ్యాన్ నిలబడే మంకీ బోర్డు. ఇవి పెద్దవి, అందరి కంటికీ కనిపించేవి. కనపడనివి వేరే ఉన్నాయి.. లైట్లు, సీసీ కెమెరాలు, స్పీకర్లు, కేబుల్ ట్రేలు, చిన్న పుల్లీలు, వాటిని పట్టి ఉంచే బోల్టులు, పిన్నులు. నిజానికి ఎక్కువ దిగులు పడాల్సింది వీటి గురించే. ఎందుకంటే వీటిలో సగం రిగ్గు తయారైనప్పుడు లేవు. తర్వాత ఎప్పుడో అవసరం కొద్దీ ఎవరో బిగించారు. తయారీ డ్రాయింగ్‌లో లేనిది చెక్‌లిస్ట్‌లోకి ఎలా వస్తుంది?

హుక్కు మీద 100 టన్నులుంటే.. క్రౌన్ మీద 120

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. మామూలుగా వాడే 5 అంగుళాల డ్రిల్ పైపు మీటరుకు సుమారు 30 కిలోలు తూగుతుంది. 3,000 మీటర్ల బావిలో ఆ పైపు మొత్తం బరువు 90 టన్నుల దాకా వస్తుంది. మడ్‌లో మునిగి ఉంటుంది కాబట్టి కొంత తగ్గుతుంది. అయినా ఆ బరువంతా హుక్కుకు వేలాడాల్సిందే.

కానీ మాస్ట్ మోసేది హుక్కు మీది బరువు ఒక్కటే కాదు. ఇనుప తాడు కింద డ్రాయింగ్ డ్రమ్ము నుంచి పైకెళ్లి, క్రౌన్‌కీ ట్రావెలింగ్ బ్లాక్‌కీ మధ్య పదిసార్లు తిరిగి, చివరికి మళ్లీ కిందకొచ్చి యాంకర్‌కు కట్టి ఉంటుంది. బరువును మోసేది పది వరసలు. క్రౌన్‌ను కిందకు లాగేది మాత్రం పన్నెండు. అంటే హుక్కు మీద 100 టన్నులు ఉంటే క్రౌన్ మీద 120 టన్నులు పడుతున్నట్టు. అదే తాడును పదికి బదులు ఎనిమిది వరసలే తిప్పితే క్రౌన్ మీద 125 టన్నులు. హుక్కు మీద బరువు ఒక్క కిలో కూడా పెరగలేదు, మాస్ట్ మీద భారం మాత్రం పెరిగింది! అందుకే మాస్ట్‌కు బిగించే రేకు మీద గరిష్ఠ బరువుతో పాటు అది ఎన్ని వరసల తాడుకు వర్తిస్తుందో కూడా రాసి ఉంటుంది. పైపులన్నీ మంకీ బోర్డుకు ఆనించి ఉన్నప్పుడు ఎంత గాలికి తట్టుకుంటుంది, ఖాళీగా ఉంటే ఎంతకు తట్టుకుంటుంది అన్నది కూడా అందులోనే ఉంటుంది. ఆ రేకు మీద రంగు పడి అక్షరాలు కనపడకుండా పోతే తనిఖీ సగం అక్కడే ఫెయిలైనట్టు లెక్క.

ఇదంతా అంతా సవ్యంగా ఉన్నప్పటి మాట. బావిలో పైపు ఇరుక్కుపోయిందనుకోండి. అప్పుడు దాన్ని విడిపించడానికి మామూలు బరువు కంటే ఎక్కువ బలంతో లాగుతారు. జార్ అనే పరికరంతో సుత్తి దెబ్బల్లాంటి కుదుపులిస్తారు. ఆ ప్రతి కుదుపూ తాడు మీదుగా క్రౌన్‌కు, అక్కడి నుంచి మాస్ట్ కాళ్లకు చేరుతుంది. బైండింగ్ వైరును తెంపాలంటే మేస్త్రీ ఏం చేస్తాడు? అటూ ఇటూ నాలుగుసార్లు వంచుతాడు. ఉక్కు అలసట అంటే అదే. కాకపోతే ఇక్కడ నాలుగుసార్లలో తెగదు, ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ చూడ్డానికి మాస్ట్ దిట్టంగానే ఉంటుంది.

తాడుకు ఉన్న లెక్క మాస్ట్‌కు లేదెందుకు?

మాస్ట్, సబ్‌స్ట్రక్చర్ తనిఖీలకు ప్రపంచమంతా పాటించేది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ సిఫార్సులు. ఏపీఐ 4జీ అంటారు. దాని ప్రకారం నాలుగు స్థాయిలుంటాయి. మొదటిది రోజూ సిబ్బంది తమ కళ్లతో చూసుకోవడం. రెండోది రిగ్గును కొత్త చోట నిలబెట్టేటప్పుడు తుప్పు, వంకర, వదులైన భాగాలు, పైకి కనిపించే పగుళ్లు ఇంకాస్త నిశితంగా చూడటం. మూడోది 730 ఆపరేటింగ్ రోజులకోసారి, కీలక జాయింట్ల దగ్గర కంటికి కనపడని పగుళ్లను అయస్కాంత పొడితోనో మరో పద్ధతిలోనో పట్టుకోవడం. నాలుగోది 3,650 ఆపరేటింగ్ రోజులకోసారి. భాగాలు విడదీసి, బరువు మోసే ప్రతి ముఖ్యమైన ముక్కనూ పరీక్షించడం. హుక్కు, బ్లాకులు, ఎలివేటర్ లాంటి ఎత్తే సామగ్రికి ఏపీఐ 8బీ అని వేరే ఉంది, అక్కడ గడువులు ఇంకా దగ్గర దగ్గరగా ఉంటాయి.

వినడానికి పకడ్బందీగానే ఉంది కదా. అయితే 'ఆపరేటింగ్ రోజు' అన్న మాట దగ్గర ఒక్కసారి ఆగి చూడండి. తేలికైన బావిలో సాఫీగా పని జరిగిన రోజూ ఒక రోజే. ఇరుక్కున్న పైపును పగలూ రాత్రీ జార్‌తో గుద్దిన రోజూ ఒక రోజే. రిగ్గు పని లేక యార్డులో పడి ఉన్న ఏడాది అయితే లెక్కలోకే రాదు. ఉప్పు గాలి మాత్రం లెక్క చూసుకోదు కదా? తీరానికి దగ్గర యార్డులో ఆరు నెలలు పడి ఉన్న మాస్ట్, గొట్టం ఆకారపు భాగాల లోపల నీళ్లు నిలిస్తే, పని చేసిన మాస్ట్ కంటే ఎక్కువ తినేయొచ్చు. పెద్ద కుదుపు తగిలితే గడువుతో పనిలేకుండా తనిఖీ చేయాలని సిఫార్సుల్లోనే ఉంది. కానీ ఏది పెద్ద కుదుపు, ఎవరు తేల్చాలి, తేల్చినవాడు రిగ్గును ఆపగలడా అన్న దగ్గరే అంతా ఆగిపోతోంది.

విచిత్రం ఏమిటంటే అదే రిగ్గు మీద అలసటను సరిగ్గా లెక్కగట్టే వస్తువు ఒకటి ఉంది. అది ఇనుప తాడు. దాని వయసును రోజుల్లో చూడరు. ఎన్ని టన్నుల బరువును ఎంత దూరం మోసిందో టన్-మైళ్లలో లెక్క రాస్తారు. ఆ లెక్క నిండగానే తాడు ఎంత బాగున్నా సరే, కొంత భాగాన్ని జరిపి, అరిగిన ముక్కను కోసి పారేస్తారు. బాగానే ఉంది కదా, ఇంకో వారం చూద్దాం అన్న మాటే ఉండదు. ఎన్నో దశాబ్దాలుగా కాగితం, పెన్సిల్‌తో సాగుతున్న పద్ధతి ఇది.

ఇప్పుడు చాలా రిగ్గుల్లో హుక్కు మీది బరువును సెకను సెకనుకూ రికార్డు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థలున్నాయి. అంటే మాస్ట్ ఎన్నిసార్లు ఎంత బరువు మోసిందో, ఎన్ని కుదుపులు తిందో సమాచారం ఎక్కడో సర్వర్‌లో పడే ఉంది. బావి ఎలా తవ్వారో చూసుకోవడానికి దాన్ని వాడతారు. మాస్ట్ ఎప్పుడు దించి చూడాలో తేల్చడానికి వాడరు. తాడుకు పెట్టిన లెక్కను మాస్ట్‌కు పెట్టడానికి అడ్డుపడేది టెక్నాలజీ కాదు. ఆ లెక్క తేలిన రోజున రిగ్గును ఆపాల్సి వస్తుంది, అసలు అడ్డు అదే.

పగులులో దొరికిన రంగు

చిన్న పగులు ఏం చేస్తుందో తెలియాలంటే 1980 నాటి అలెగ్జాండర్ కీలాండ్ ప్రమాదం గుర్తు చేసుకోవాలి. ఉత్తర సముద్రంలో నార్వేకు చెందిన ఎకోఫిస్క్ చమురు క్షేత్రం దగ్గర నిలిచి ఉన్న రిగ్గు అది. డ్రిల్లింగ్ కోసమే కట్టారు, ఆ సమయంలో మాత్రం కార్మికులు ఉండే వసతిగా వాడుతున్నారు. మార్చి 27 సాయంత్రం గాలివానలో దాని ఐదు కాళ్లలో ఒకటి విరిగిపోయింది. కాసేపటికే రిగ్గు తిరగబడింది. లోపలున్న 212 మందిలో 123 మంది చనిపోయారు.

విచారణలో తేలింది చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కాలును పట్టి ఉంచే పెద్ద గొట్టపు కడ్డీల్లో ఒకదానికి హైడ్రోఫోన్ అనే చిన్న పరికరాన్ని బిగించేందుకు ఒక హోల్డర్‌ను వెల్డింగ్ చేశారు. ఆ హోల్డర్ బరువు మోసేది కాదు కాబట్టి దాని వెల్డింగ్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పగులు మొదలైంది అక్కడే. అది మెల్లగా పాకి కడ్డీని చుట్టుముట్టింది. ఆ వెల్డింగ్ పగులు లోపల రంగు ఆనవాళ్లు దొరికాయి. అంటే రిగ్గుకు రంగు వేసే నాటికే అక్కడ పగులుంది! పగులు మీద రంగేసి సముద్రంలోకి పంపారు.

సముద్రపు రిగ్గుకూ మన నేల మీది రిగ్గుకూ పోలికేంటి అనొచ్చు. పోలిక ఆ చిన్న వెల్డింగ్‌లో ఉంది. మాస్ట్ కాలుకు లైటు బ్రాకెట్ కావాలంటే వెల్డర్‌ను పిలిచి ఒక టాకా వేయించడం, కెమెరాకు క్లాంపు కావాలంటే రంధ్రం కొట్టించడం.. రిగ్గుల మీద ఇలాంటి టెంప్టేషన్ ఎప్పుడూ ఉంటుంది. బరువు మోసే ఉక్కు మీద తయారీదారు అనుమతి లేకుండా వెల్డింగ్ చేయకూడదన్న నియమం అందుకే ఉంది. ఇక రంగు సంగతి. తనిఖీకి పెద్దసారు వస్తున్నారంటే మన దగ్గర ముందు జరిగే పని సున్నాలు, రంగులు వేయించడం. ఆఫీసు గోడకైతే సరే. మాస్ట్‌కు మాత్రం తనిఖీకి ముందు రంగు వేయడం కాదు, ఉన్న రంగును జాయింట్ల దగ్గర గీకేయాలి. తళతళలాడే మాస్ట్‌ను చూసి మెచ్చుకునే తనిఖీ తనిఖీయే కాదు.

తుపాను దారిలో రిగ్గులు

కృష్ణా-గోదావరి బేసిన్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. నేల మెత్తన. డెల్టా నల్లమట్టి, పక్కనే కాలువలు, చేపల చెరువులు. మాస్ట్ నిటారుగా నిలబడాలంటే కింద పునాది ఒకేలా దిగాలి. ఒక కాలు కింద నేల కొంచెం ఎక్కువ కుంగితే బరువు నాలుగు కాళ్లకూ సమానంగా పడదు. బావి మరమ్మతులు చేసే వర్క్‌ఓవర్ రిగ్గుల్లో చాలావాటిని గై వైర్లతో నేలకు కట్టి నిలబెడతారు. ఆ యాంకర్లను పాతేది ఈ మట్టిలోనే. ఎండాకాలంలో లాగి పరీక్షించిన యాంకర్ వర్షాకాలంలో అంతే బలంగా పట్టి ఉంటుందని గ్యారంటీ లేదు.

పైగా ఇది తుపానుల దారి. 1996 నవంబరు 6 నాటి పెను తుపానును కోనసీమ ఇప్పటికీ మర్చిపోలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది కూడా నర్సాపురం సమీపంలోనే. అంత గాలి వీచిన తర్వాత పని మొదలుపెట్టే ముందు మాస్ట్ మొత్తం ఎక్కి చూడాలి. గాలికి ఊగి ఊగి వదులైన పిన్ను, చిట్లిన సేఫ్టీ గొలుసు కింద నిలబడి బైనాక్యులర్‌తో చూస్తే దొరకవు. అప్పటికే తుపానుకు నాలుగు రోజులు పోయాయన్న ఒత్తిడి కూడా సరిగ్గా అప్పుడే ఎక్కువగా ఉంటుంది.

(పొలాల్లో తిరిగే బోరు బండ్లది మరో కథ. అక్కడ ఓవర్‌హెడ్ ప్రమాదం అంటే మాస్ట్ లేపేటప్పుడు తగిలే కరెంటు తీగే. దానికి ఏపీఐ సిఫార్సులు అక్కర్లేదు. లేపే ముందు ఒక్కసారి తలెత్తి చూస్తే చాలు.)

ఎవరి తనిఖీ? ఎవరి డబ్బు?

చట్టం లేదని ఎవరూ అనలేరు. నేల మీది చమురు బావులు గనుల కిందకు వస్తాయి కాబట్టి ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్ చూసుకుంటుంది. 2017 నాటి ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్స్ ఉన్నాయి. సముద్రంలో అయితే 2008 నిబంధనల కింద పెట్రోలియం శాఖకు చెందిన ఓఐఎస్‌డీ చూస్తుంది. 1986లో ఏర్పాటైన ఈ సంస్థ డెరిక్ ఫ్లోర్ పనుల దగ్గర నుంచి బావి నియంత్రణ దాకా విడివిడిగా ప్రమాణాలు రాసింది, ఆడిట్లు చేస్తుంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత గనుల చట్టం కూడా వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు 'ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్' అయ్యారు. వెబ్ ఆధారిత తనిఖీలకూ చోటు దొరికింది. రికార్డులు చూడటానికి వెబ్ పనికొస్తుందేమో గానీ, మాస్ట్‌ను మాత్రం ఎవరో ఒకరు ఎక్కాల్సిందే.

ఎక్కేది ఎవరు? రిగ్గులు ఎక్కువగా రెండు రకాలు. ఓఎన్‌జీసీ లాంటి కంపెనీల సొంత రిగ్గులు కొన్ని, కాంట్రాక్టర్ల నుంచి రోజు అద్దెకు తీసుకునేవి కొన్ని. అద్దె రిగ్గుల్లో సాధారణంగా కనిపించే ఏర్పాటు ఇలా ఉంటుంది.. రిగ్గు పనిచేసిన రోజుకు పూర్తి అద్దె. యంత్రం చెడి మరమ్మతు చేస్తే నెలకు కొన్ని గంటల వరకే మినహాయింపు. అది దాటితే అద్దె సున్నా. కంపెనీ వైపు నుంచి చూస్తే ఇది న్యాయమే. పాడైన రిగ్గుకు అద్దె ఎందుకివ్వాలి? కానీ ఈ లెక్క టూల్ పుషర్ చెవిలో చెప్పేది వేరు. ఎలివేటర్ లింకులో సన్నని గీత లాంటిది కనపడింది. అది పగులా, గీరుకున్న మచ్చా? తేల్చాలంటే పని ఆపి, తుడిచి, టెస్టింగ్ మనిషిని రప్పించాలి. చివరకు అది మచ్చే అని తేలితే పోయిన గంటలకు సమాధానం ఎవరు చెప్పాలి?

థర్డ్ పార్టీ తనిఖీ ఉంది కదా అనొచ్చు. ఉంది. పేరున్న సంస్థలే చేస్తాయి, పని తెలిసినవాళ్లే వస్తారు. అయితే సాధారణంగా ఆ మూడో పక్షాన్ని పిలిచేదీ, ఫీజు ఇచ్చేదీ రిగ్గు యజమానే. తేదీ చెప్పి పిలుస్తారు, ఏ భాగాలు చూడాలో ముందే రాసిస్తారు. రాసిన భాగాలను ఆయన నిజాయితీగానే చూస్తాడు. రాయని భాగం ఆయన పని కాదు. సర్టిఫికెట్‌లో అబద్ధం ఒక్కటీ ఉండదు, అయినా నిజం మొత్తం ఉండదు.

రోజువారీ తనిఖీది ఇంకో రకం జబ్బు. 12 గంటల షిఫ్టు మొదట్లో యాభై అరవై గడులున్న చెక్‌లిస్ట్ ఇస్తే ఎవరైనా ఏం చేస్తారు? నిన్నటి షీటు చూసి టిక్కులు పెడతారు. మనిషిని తప్పు పట్టి లాభం లేదు, ఆ కాగితమే అలా ఉంది. బ్లాక్ వెళ్లి క్రౌన్‌ను గుద్దుకోకుండా ఆపే క్రౌన్ సేవర్‌ను షిఫ్టు షిఫ్టుకూ నిజంగా కదిపి చూడాలి. అది ఒక్కటి పనిచేయకపోతే తాడు తెగి టన్నుల బరువున్న బ్లాక్ మొత్తం ఫ్లోర్ మీదకొస్తుంది. చెక్‌లిస్ట్‌లో మాత్రం దానికీ, ఫస్ట్ ఎయిడ్ బాక్సులో దూది ఉందా అన్న ప్రశ్నకూ ఒకే సైజు గడి!

కొత్త రిగ్గులొస్తే తీరిపోతుందా?

కొంత తీరుతుంది. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థ ఓఎన్‌జీసీకి 47 రిగ్గులు ఇచ్చే ఒప్పందం దక్కించుకుంది. అందులో 27 డ్రిల్లింగ్‌కు, 20 వర్క్‌ఓవర్‌కు. తొలి రిగ్గు 2021 ఏప్రిల్‌లో గుజరాత్‌లోని కలోల్‌లో పని మొదలుపెట్టింది. హైడ్రాలిక్ పద్ధతిలో పైపులను యంత్రమే అందుకునే ఇలాంటి రిగ్గుల్లో ఫ్లోర్ మీద, మంకీ బోర్డు మీద మనుషుల అవసరం తగ్గుతుంది. పడే వస్తువు కింద మనిషి లేకపోవడం కంటే మంచి రక్షణ ఏముంటుంది?

కానీ మనిషి చేసే పనిని యంత్రం చేయాలంటే పైన సిలిండర్లు, హోసులు, సెన్సర్లు, కెమెరాలు పెరుగుతాయి. మనిషి దిగాడు, ఇనుము ఎక్కింది. పైగా ఈ రిగ్గులు ఎప్పటికీ కొత్తగా ఉండవు. ఇవి తొలి పెద్ద తనిఖీల గడువుకు చేరేసరికి, మోసిన బరువుల చరిత్ర మొదటి రోజు నుంచీ భద్రపరిచి ఉంటే మాస్ట్‌కు కూడా టన్-మైళ్ల లాంటి ఖాతా తెరవొచ్చు. పాత రిగ్గులకు ఆ చరిత్ర లేదు. చేతులు మారిన రిగ్గులకైతే ముందు యజమాని దగ్గర ఏం జరిగిందో చెప్పేవాడే ఉండడు.

మార్చాల్సింది పెద్ద చట్టమేమీ కాదని మా అభిప్రాయం. తనిఖీ కోసం ఆపిన గంటలను మరమ్మతు గంటల్లో కలపకుండా, వాటికి అద్దె ఇచ్చేలా కాంట్రాక్టులో ఒక్క క్లాజు చాలు. అనుమానంతో ఆపి, చివరకు పగులు లేదని తేలినా సరే ఆ గంటలు కంపెనీ ఖాతాలోనే పడాలి. బావి మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. థర్డ్ పార్టీ ఫీజును రిగ్గు యజమాని కాకుండా బావి యజమాని ఇవ్వాలి. సైట్ గేటు దగ్గర బావి పేరు, కాంట్రాక్టర్ పేరు రాసే బోర్డు మీదే మాస్ట్ చివరి మూడో స్థాయి, నాలుగో స్థాయి తనిఖీల తేదీలు రాస్తే ఇంకా మంచిది. లిఫ్టులో సర్టిఫికెట్ అతికిస్తున్నప్పుడు ఇక్కడ దాచడానికేముంది? ఆ తేదీ ఊరివాళ్లకు ఎంత అర్థమవుతుందో గానీ, షిఫ్టుకొచ్చే కాంట్రాక్టు కుర్రాడికి మాత్రం బాగా అర్థమవుతుంది.

అన్నిటికంటే చౌకగా తనిఖీ చేయగలిగే సమయం ఒకటుంది. బావి పని అయిపోయాక మాస్ట్‌ను పడుకోబెట్టి లారీల మీద తరువాతి సైట్‌కు తరలిస్తారు. అప్పుడు క్రౌన్ 40 మీటర్ల ఎత్తులో ఉండదు, మనిషి ఛాతీ ఎత్తులో ఉంటుంది. తాళ్లు, హార్నెస్ అక్కర్లేదు. ఒక టార్చి, ఒక వైర్ బ్రష్, కాసింత తీరిక ఉంటే ప్రతి పిన్నునూ చేత్తో కదిపి చూడొచ్చు, ప్రతి జాయింట్ దగ్గర రంగు గీకి పరీక్షించొచ్చు. కానీ రిగ్గు మూవ్ అంటే అందరూ గడియారం చూసుకునే సమయం కూడా అదే. ఎన్ని రోజుల్లో కొత్త బావి మీద నిలబెట్టామన్నదే అక్కడ గొప్ప. తనిఖీకి ఇంకో రెండు రోజులు పడుతుందని ఎవరైనా అడిగితే, ఆ రెండు రోజుల అద్దె ఎవరిదో కాంట్రాక్టులో రాసి లేకపోతే, మాస్ట్ లేచిపోతుంది. మళ్లీ ఆ క్రౌన్ అంత దగ్గరగా కనపడాలంటే ఆ బావి పూర్తయ్యేదాకా ఆగాల్సిందే.